పొట్ట చూడమన్న డాక్టరమ్మ

వార్డులో ఆక్సిజన్ సీసా నీళ్ళు బుడబుడమంటుంటే మాట్లాడుతున్నదాన్ని ఆగిపోతాను. ఈ చలికాలం పొద్దున కూడా అంతే. కొత్తగా చేరిన నర్సుకు ఏదో చెబుతూ ఆగాను. కళ్ళ ముందు సుభద్రమ్మగారు నిలిచారు. గోదావరిఖని దవాఖానలో ఊపిరితిత్తుల డాక్టరు ఆమె. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. నర్సుగా నేను మొదట పనిచేసింది ఆమె దగ్గరే.

ఆమెకు స్టెతస్కోపు తర్వాతి సంగతి. ముందు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రోగి పొట్టను చూసేవారు. పూజకు కూర్చున్నట్టే ఉందని నాకు నవ్వొచ్చేది. ఒకరోజు నన్నూ పక్కన కూర్చోబెట్టారు.

"ముఖం చూస్తే జాలేస్తుంది, అంతే. పొట్ట చూడమ్మా. ఊపిరి పీల్చినప్పుడు పైకి లేవాలి. ఇతనికి కింది పక్కటెముకలు లోపలికి పోతున్నాయి, చూశావా?"

ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా వంగి ఉండే కండరం డయాఫ్రం. పీల్చిన గాలి బయటికి పోక ఊపిరితిత్తులు ఉబ్బిపోతే ఆ గొడుగు పళ్ళెంలా చదునవుతుందనీ, ఇక గాలిని లాగే బలం దానికి ఉండదనీ చెప్పారు. జలుబు చేసో, దుమ్ము తగిలో జబ్బు తిరగబెడితే పాపం మెడ నరాలు బిగబట్టి ఊపిరి లాక్కుంటారు.

మల్లయ్య కాక అలాగే వచ్చాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. చలి ముదిరి దమ్ము తిరగబెట్టింది. మందులిచ్చి, ఆక్సిజన్ కొద్దిగానే పెట్టాం. మధ్యాహ్నం అతని పాత షిఫ్టు జతగాడు కొమురయ్య చూడటానికి వచ్చాడు. బాయిలో గాలి తగ్గితేనే ప్రాణగండం, ఎక్కువైతే ఎవరికీ చేటు లేదు. బతుకంతా అదే నేర్చిన మనిషి, జతగాడి ఎగశ్వాస చూడలేక మేం చూడని వేళ ఆక్సిజన్ నాబును పూర్తిగా పెంచేశాడు. కాసేపటికి మల్లయ్య కళ్ళు మూతపడ్డాయి. "ఎన్ని దినాలకు నిద్రవట్టింది," అని అతని భార్య మురిసిపోయింది.

అంతలో సుభద్రమ్మగారు వచ్చి పొట్ట చూశారు. అది సరిగా లేవడం లేదు. చటుక్కున లేచి నాబు తగ్గించారు.

"ఇది నిద్ర కాదు. ఆక్సిజన్ ఎక్కువై ఊపిరి మందగించింది. చెడుగాలి ఒంట్లో నిండి మత్తు కమ్మింది. మెషీన్ తీసుకురా, త్వరగా!"

కొమురయ్య అడ్డం వచ్చాడు. "గాలి తగ్గిస్తవా అమ్మా? మా వోన్ని సంపుతవా ఏంది?"

"బాయిలోకి గాలి ఎంత తోలినా, బయటికి పోయే దారి మూసుకుపోతే ఏమవుతుంది కొమురయ్యా?"

"విషగాలి నిండుతది," అన్నాడతను. ఆ మాట అంటూనే గోడకు జారగిలబడ్డాడు. "నా చేతులిరగ! నేనే తిప్పిన గదమ్మా!"

మాస్కు బిగించి మెషీన్‌తో ఊపిరి అందించాం. బతుకుతాడో లేదో ఎవరమూ చెప్పలేకపోయాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇగ వీళ్ళను లోపలికి రానియ్యద్దు మేడం. గేటు కాడనే ఆపుదం," అన్నాను.

ఆమె మల్లయ్య పొట్టనే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి మల్లయ్య కళ్ళు తెరిచి భార్యను గుర్తుపట్టాడు. మాస్కు తీసి, మళ్ళీ కొద్దిగా ఆక్సిజన్ పెట్టాం. అప్పుడు సుభద్రమ్మగారు బయటికి వెళ్ళి, మెట్ల మీద కూలబడి ఉన్న కొమురయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆ చేతిని మల్లయ్య పొట్ట మీద పెట్టించారు.

"పెదాలు ముడిచి మెల్లగా ఊదమని చెప్పు. నీ చెయ్యి కిందికి దిగుతోందా?"

"దిగుతాందమ్మా."

"ఇక ఈ నాబుకు కాపలా నువ్వే. నన్నడక్కుండా ఎవరినీ ముట్టనివ్వకు."

కొమురయ్య పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మల్లయ్య ఇంటికి వెళ్ళేదాకా ఆ మంచం దగ్గరి నుంచి కదలలేదు. ఎవరు చెయ్యి చాపినా కసిరేవాడు. నన్నూ వదల్లేదు మహానుభావుడు.

సుభద్రమ్మగారు ఇప్పుడు లేరు. ఆమె దగ్గర వైద్యం ఎంత నేర్చుకున్నానో గానీ, ప్రేమకొద్దీ తప్పు చేసినవాళ్ళను తలుపు బయట నిలబెట్టడం మాత్రం నాకిక చేతకాదు. లోపలికి పిలిచి, వాళ్ళ చెయ్యి రోగి పొట్ట మీద పెడతాను. ఆ చెయ్యి కిందికి దిగడం వాళ్ళకు తెలిసేదాకా పక్కనే నిలబడతాను.