మా ఇంటి ఆడవాళ్ళకు పాలు నిలవవన్నారు

ఆ రోజు ఉదయం గౌతమి రొమ్ము పట్టుకుని, కాసేపు చప్పరించి, వదిలేసి ఏడ్చింది. మళ్ళీ పట్టించాను. మళ్ళీ వదిలేసింది. అప్పటికి దానికి నాలుగు నెలలు నిండాయి. పుట్టినప్పటి నుంచి పాల విషయంలో నన్ను ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టని పిల్ల. ఆ ఉదయం అది నోరు పెడితే చాలు, నొప్పికి నా పళ్ళు బిగుసుకున్నాయి. ఎప్పుడూ వినిపించే గుటకల శబ్దం కూడా సరిగా వినిపించలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు నాకు పీరియడ్స్ వచ్చాయి.

పాలిచ్చే తల్లికి ఏడాది దాకా నెలసరి రాదని విన్నాను. కొందరికి రాదట. నాకు వచ్చింది.

మాది బిలోలి వైపు ఒక ఊరి గడీ, అంటే దొరల కోటలాంటి ఇల్లు. ఇప్పుడు దాని పెద్ద దర్వాజా, రెండు గదులు మాత్రం నిలిచి ఉన్నాయి. భూములు మా తాతగారి కాలంలోనే పోయాయి. ఎలా పోయాయో ఇక్కడ రాయను, దానికి ఈ పాల సంగతితో సంబంధం లేదు. మా నాన్నకు నేనొక్కదాన్నే. అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. అందుకని నా కాన్పుకు మా బాపమ్మ, అంటే నాన్నను కన్న తల్లి, నాందేడ్‌లో మేము అద్దెకుంటున్న రెండు గదుల ఇంటికి వచ్చింది. వస్తూ దేవుళ్ళ పెట్టె తెచ్చుకుంది. గడీ పద్ధతులు తెచ్చుకుంది.

వంటగది వెనక చిన్న వరండా ఉంది. బాపమ్మ దానికి అడ్డంగా పాత చీర ఒకటి పరదాగా కట్టించి, నాకు చాప వేయించింది.

“దూరం కూసో బిడ్డా. మూడు రోజులు పిల్ల నా దగ్గరుంటది” అంది.

“పాలెట్ల బాపమ్మా?”

“ముట్టు పాలు తాగితే పిల్లకు కడుపుల నొస్తది. గడీల ఎవ్వలియ్యలే. మా అత్త ఇయ్యలే, నేనియ్యలే. గప్పుడు దాది ఉండె. గిప్పుడు డబ్బా ఉన్నది.”

దాది సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. గడీలో చంటిపిల్ల ఉంటే ఊళ్ళో పాలున్న తల్లినొకామెను పిలిపించేవారు. దొరసాని దూరం ఉన్న మూడు రోజులూ ఆమె పాలిచ్చేది. గడీలో పుట్టిన మా నాన్న కూడా అలా దాది పాలు తాగినవాడే.

నేను అభ్యంతరం చెప్పలేదు. గోడలు పడిపోయినవాళ్ళకు మిగిలేవి పద్ధతులే. వాటిని కూడా వదిలేసిందని ఎవరితోనూ అనిపించుకోదలుచుకోలేదు.

పరదా వెనక మొదటి రోజు చాలా కష్టంగా గడిచింది. లోపలి గదిలో గౌతమి ఏడ్చిన ప్రతిసారీ నా రవికె తడిసిపోయింది. రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. ఆ పాలు పనికిరావంది బాపమ్మ. చెంబులోకి పిండి మోరీలో పోశాను. అవతల మా ఆయన డబ్బా పొడి కలుపుతున్న చెంచా చప్పుడు వినిపించేది. మూడో రోజుకు గట్టితనం పోయింది. నొప్పి తగ్గిందని సంతోషించాను.

నాలుగో రోజు తలస్నానం చేసి పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాను. కాసేపు తాగి, మొహం తిప్పుకుంది. సీసా చూపిస్తే చేతులాడించింది.

“ఇగో, నేను చెప్పలే? మన గడీ ఆడోళ్లకు పాలు నిలువయి. ముట్టు మొదలైందంటే ఎండుడే” అంది బాపమ్మ. ఇంటి నగ గురించి చెప్పినంత గర్వంగా చెప్పింది. “దొరసానుల ఒళ్లు గట్లనే ఉంటది.”

“పాలకు గూడ ఖాందాన్ ఉంటదా బాపమ్మా?” అన్నారు మా ఆయన. ఆయనది ఈ జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్. ఇక్కడ ఒక బట్టల దుకాణంలో పని చేస్తారు.

“నీకేం ఎరుక అల్లుడా. మీ దిక్కు ఆడోళ్లు పత్తి ఏరుకుంట గూడ పాలిస్తరు.”

“అందుకే నేను గింత బలంగున్న.”

బాపమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ నన్ను కన్నాక ఇదే జరిగిందని అందరూ చెప్పేవారు. నాకూ జరిగింది. ఇంతే కాబోలు అనుకున్నాను.

ఆ నెలంతా తిండితోనే గడిచింది. మెంతులు, వెల్లుల్లి కారం, సోయికూర, ఇక్కడివాళ్ళు బాలింతలకు పెట్టే అళీవ్ లడ్డూలు. ఎవరేది మంచిదంటే మా ఆయన అది తెచ్చేవారు. పాలు కొంచెం పెరిగాయి. పిల్లకు సగం నా పాలు, సగం సీసా. అంతలో మళ్ళీ నెలసరి వచ్చింది. మళ్ళీ చాప, మళ్ళీ పరదా. ఈసారి మొదటి రోజు కూడా రవికె పెద్దగా తడవలేదు.

ఆ మూడు రోజుల్లోనే గౌతమికి విరేచనాలు పట్టుకున్నాయి. సీసా ఎంత కడిగినా ఎక్కడో లోపం జరిగింది. పైగా చిక్కగా ఉంటే అరగదని బాపమ్మ పొడి తక్కువేసి నీళ్ళు ఎక్కువ పోయించేదట. నేను బయటికి వచ్చి ఎత్తుకుంటే పిల్ల తేలికగా అనిపించింది. ఏడుపులో కూడా బలం లేదు. ఇక మా ఆయన ఎవరినీ అడగలేదు. “పా, దవాఖానకు పోదాం” అని ఆటో పిలిచారు.

డాక్టర్ లేన్‌లో ఒక పిల్లల ఆసుపత్రి. బిలోలిలో మా ఇంటిపేరు చెబితే ఇప్పటికీ ముసలివాళ్ళు లేచి నిలబడతారు. ఇక్కడ నంబరు పిలిచారు. బల్ల మీద చోటు లేక నిలబడ్డాను. ఒకామె జరిగి చోటిస్తానంది. అక్కర్లేదన్నాను. 

డాక్టరమ్మ మరాఠీ మనిషి. తన మాటలు తెలుగులోనే రాస్తున్నాను. గౌతమిని తూచి, కార్డులో గీత చూపించారు. “నాలుగో నెల దాకా గ్రాఫ్ బాగా పైకి వెళ్ళింది. ఆ తర్వాత చూడండి, ఫ్లాట్. ఇప్పుడు కిందికి దిగుతోంది. డీహైడ్రేషన్ మొదలైంది.” ఆ రోజు పిల్లను అడ్మిట్ చేసుకుని ఓఆర్‌ఎస్ పట్టించారు. నాకు రక్తపరీక్ష సీబీసీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ రాశారు. మళ్ళీ కడుపు వచ్చినా, థైరాయిడ్ తేడా ఉన్నా పాలు తగ్గవచ్చట. కడుపు లేదు. థైరాయిడ్ నార్మల్. హిమోగ్లోబిన్ మాత్రం బాగా తక్కువ. ఐరన్, కాల్షియం మాత్రలు ఇచ్చారు.

మర్నాడు రౌండ్స్‌లో ఆమె అడిగారు. “పీరియడ్స్ ముందూ, మొదలైన కొత్తలోనూ కొందరికి పాలు కొంచెం తగ్గుతాయి. హార్మోన్స్ వల్ల. నిపుల్స్ నొప్పి కూడా ఉంటుంది. కొద్ది రోజులకు అదే సర్దుకుంటుంది. మీకెందుకు సర్దుకోలేదు? ఆ రోజుల్లో ఎన్నిసార్లు ఫీడ్ ఇస్తున్నారు?”

మా ఇంటి లోపలి సంగతులు బయటివాళ్ళకు చెప్పే అలవాటు నాకు లేదు. మా ఆయన చెప్పేశారు. “ఇవ్వదు మేడమ్. మూడు రోజులూ పిల్ల ఈమె బాపమ్మ దగ్గరుంటుంది.”

“ఒక్కసారి కూడా ఇవ్వరా?”

“ఇవ్వను” అన్నాను. “పీరియడ్స్ వస్తే మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ పాలు ఎండిపోతాయి. మా అమ్మకూ అంతే, మా బాపమ్మకూ అంతే.” నా గొంతు పెద్దదైందని నాకే తెలిసింది.

ఆమె కోప్పడలేదు. “వాళ్ళు కూడా మూడు రోజులు బిడ్డకు దూరంగానే ఉన్నారా?” అని అడిగారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబు ఉంది. అవునని తల ఊపాను.

“పిల్ల తాగితేనే పాలు తయారవుతాయి. తాగకపోతే ఇక అవసరం లేదని ఒళ్ళు అనుకుంటుంది. పీరియడ్స్‌లో పాలు పాడు కావు. రుచి కాస్త మారవచ్చు, అంతే. మీ ఇంట్లో ఎవరికీ ఏ లోపమూ లేదు” అన్నారు. వెళ్తూ వెళ్తూ గౌతమిని ఎత్తి నా ఒళ్ళో పెట్టి, “బాళాలా జవళ్ ఘ్యా, తాయీ” అన్నారు. బిడ్డను దగ్గరికి తీసుకో అక్కా అని.

పాలు పెరగడానికి మందు రాయమని అడిగితే ఇప్పుడే వద్దన్నారు. ముందు పిల్లను పట్టించమన్నారు. పొడి పాలు వెంటనే మానొద్దన్నారు. డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారమే, నా పాలు తాగించిన తర్వాతే, సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు. వారం వారం తూకానికి రమ్మన్నారు.

ఇంటికి వెళ్ళే దారంతా నాకు దాదే గుర్తొచ్చింది. గడీలో ఆ పద్ధతి నడిచిందంటే ఆమె ఉండబట్టే నడిచింది. అప్పట్లో తల్లి పాలు పోయేవి గానీ, బిడ్డకు పాలు తప్పేవి కావు. మాకు దాది లేదు. పరదా మాత్రం ఉంది.

తర్వాతి వారాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అలసట తప్ప. పట్టించడం, పిల్ల పెనుగులాడటం, ఏడవటం, మళ్ళీ పట్టించడం. పట్టుకోకపోతే చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పోయడం. ఆ గిన్నె గడీదే, నా బారసాలకు వాడిన వెండిది. అది కడగడం, వేడినీళ్ళలో మరగబెట్టడం, అంతలో మళ్ళీ వేళ కావడం. తల దువ్వుకోకుండానే రోజులు పోయాయి. చుట్టాలెవరైనా వస్తామంటే వద్దని చెప్పించాను. నన్ను ఆ అవతారంలో ఎవరూ చూడకూడదనుకున్నాను. ఒక వారం తూకం పెరిగింది. తర్వాతి వారం పెరగలేదు. “నెమ్మదిగా వస్తుంది. రోజూ ఎన్ని లంగోటీలు తడుపుతోందో చూసుకోండి” అన్నారు డాక్టరమ్మ.

ఒకరోజు మళ్ళీ ఆ నొప్పి మొదలైంది. పిల్ల మళ్ళీ వదిలేసి ఏడ్చింది. నెలసరి వస్తోందని అర్థమైంది. అంత కష్టపడి తెచ్చుకున్నది పోతుందేమోనని ఆ రోజు తడిసిన లంగోటీలు రెండుసార్లు లెక్కపెట్టాను.

వచ్చిన రోజు బాపమ్మ పరదా లాగి చాప పరిచింది. నేను గౌతమిని, దాని బొంతను, లంగోటీలను తీసుకుని వెళ్ళి చాప మీద కూర్చున్నాను.

“పిల్లనెటు తీస్కపోతున్నవే?”

“నా తోటే ఉంటది. మైల నాకు కదా, దానికేంది?”

“మల్ల నేనెట్ల ముట్టాలె దాన్ని?”

“మూడు రోజులు ముట్టకు బాపమ్మా.”

“గా డాక్టరమ్మ నేర్పిందా గీ మాటలు?”

“గడీ దొరసానులు మాట తప్పరని నువ్వే నేర్పినవ్. నేను దూరం కూసుంటనన్న, కూసున్న. పిల్లను ఇడిచిపెడ్తనని అనలే.”

ఆమె లోపలికి వెళ్ళింది. దేవుళ్ళ పెట్టె ముందు కూర్చుని చాలాసేపు గిన్నెలు చప్పుడు చేసింది.

ఆ మూడు రోజులు నాకు వంట లేదు, గిన్నెలు లేవు, ఊడ్చడం లేదు. మా ఆయన కంచం తెచ్చి పరదా కింద నుంచి జరిపేవారు. నేనూ పిల్లా, అంతే. మొదటి రోజు పాలు నిజంగానే తక్కువ. అది చిరాకుపడి ఏడ్చింది, నొప్పికి నేనూ ఏడ్చాను. అయినా అడిగినప్పుడల్లా పట్టించాను. రెండో రోజు ఏడుపు కొంచెం తగ్గింది. మూడో రోజు మధ్యాహ్నం అది కళ్ళు మూసుకుని తాగుతుంటే ఆ పాత శబ్దం వినిపించింది. గుటక, గుటక.

పరదా అవతల గాజులు కదిలాయి. బాపమ్మ అక్కడే కూర్చుని ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

“తాగుతుందా?” అంది.

“తాగుతుంది.”

“ఇనవడుతుంది. నీ నాయినప్పుడు నాకు గూడ రైక తడుస్తుండె. మోరీల పిండిపోసిన. మల్ల ఎండినయన్నరు. ఎండినయా బిడ్డా, ఎండవెట్టిన్రా?”

పరదా కొంచెం జరిపాను. ఆమె లోపలికి రాలేదు, ముట్టుకోలేదు. అక్కడే కూర్చుని పిల్ల తాగడం అయ్యేదాకా చూసింది.

ఆ వారం తూకంలో గీత పైకి లేచింది. మరుసటి నెల నేను చాప తీసుకోబోతుంటే బాపమ్మ అంది, “గా పరదా తీసెయ్యి అల్లుడా. గాలి ఆడ్తలేదు.” అది మంచి చలికాలం. మా ఆయన నా వైపు చూసి తాడు విప్పారు.

ఇప్పుడు గౌతమికి ఏడాది దాటింది. జొన్నరొట్టె ముక్క చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది, మళ్ళీ వచ్చి పాలు తాగుతుంది. నాకు ఇప్పటికీ ప్రతి నెలా ఆ నొప్పి ఉంది, కొద్ది రోజులు పాలు తగ్గడం ఉంది. ఐరన్ మాత్రలు ఇంకా నడుస్తున్నాయి. నడుము నిటారుగా పెట్టి కూర్చోలేని సాయంత్రాలు ఉన్నాయి. కానీ భయం లేదు. తగ్గినవి తిరిగి వస్తాయని తెలుసు.

మీ ఇంటి పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది నేను చెప్పను. చదివే తల్లులకు ఒక్కటే చెబుతాను. నెలసరి వచ్చి పాలు తగ్గాయనిపిస్తే, ఆ రోజుల్లోనే బిడ్డను ఎక్కువసార్లు పట్టించండి. తూకం పెరగకపోతే డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లో దూరం కూర్చోమంటే కూర్చోండి, కూర్చోకపోండి, మీ ఇష్టం. కూర్చుంటే మాత్రం బిడ్డను వెంట తీసుకుని కూర్చోండి.