నమూనా చెయ్యి

మాణిక్యమ్మ చేతికి పొద్దంతా గాజులుంటాయి. షాపు షట్టరు దించే ముందు అన్నీ తీసి డబ్బాల్లో సర్ది, బోసి చేతులతో ఇంటికి పోతుంది. ఆమె వెళ్ళే చర్చిలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు, గాజులు కూడా వేసుకోరు. పెళ్ళినాడూ ఆమె చేతులు అట్లాగే ఉన్నాయి.

"పొద్దుందాక ఏసుకుంటవు గద, అది పాపం గాదా?" అని చర్చి మెట్ల మీద లీలమ్మ ఒకసారి అడిగింది.

"ఏసుకుంటలేనక్కా. చూపిస్తున్న."

లీలమ్మ నవ్వింది. మాణిక్యమ్మ నవ్వలేదు. ఆమె ఉన్నమాటే చెప్పింది.

కైలాసం సేటు గాజుల షాపు వాళ్ళ తాతల నాటిది. చార్మినార్ నుంచి నడిస్తే వీధి మలుపు దాటక ముందే వస్తుంది. హుస్సేనీ ఆలంలో కొత్త కాపురం పెట్టిన రోజుల్లో మాణిక్యమ్మ ఆ షాపుకు ఊడ్వడానికి వచ్చింది. పగిలిన గాజులు ఏరేది, డబ్బాలు తుడిచేది. ఒకనాడు బేరానికి వచ్చిన పెద్దింటావిడ, గాజు చేతి మీద చూస్తేగాని కొననని కూర్చుంది. సేటు తండ్రి అటూ ఇటూ చూసి, చీపురు పట్టుకున్న మాణిక్యమ్మను పిలిచాడు. ఆమె ఎడమ చెయ్యి కడుక్కొని వచ్చింది. లక్క గాజుల జత వేళ్ళ మీది నుంచి జారి, మణికట్టు దగ్గర వచ్చి కూర్చుంది. ఎక్కడా ఎముక కనబడలేదు, నరం కనబడలేదు. ఆ పెద్దింటావిడ గాజులను చూడలేదు, చేతినే చూసింది. చూసి, ఉన్న రంగులన్నీ కట్టమన్నది.

అప్పటినుంచి చీపురు వేరే వాళ్ళకు పోయింది. ఆమె ఆ షాపు చెయ్యి అయింది. బేరానికి వచ్చినవాళ్ళు "ఆపా, జరా పెహన్‌కే దిఖావ్" అని వేసుకొని చూపమంటే ఎడమ చెయ్యి ముందుకు పెట్టేది. కుడిచేత్తో గాజు ఎక్కించేది, దించేది. కుడిచెయ్యి పనికి, ఎడమచెయ్యి చూపుకు.

లక్క గాజును వేడిమీద మెత్తబరిచి, ఒక గుండ్రటి కర్రకు ఎక్కించి సైజు తీస్తారు. ఒక చివర సన్నగా, మరో చివర లావుగా ఉండే కర్ర అది. కైలాసం షాపుకు గాజులు చేసే కార్ఖానాలో ఆ కర్ర మీద ఒక గాటు ఉంది. ఆపా నిషాన్, అంటే అక్క గుర్తు, అంటారు. కొత్త డిజైను ఏది పుట్టినా మొదటి జత ఆ గాటు దగ్గర ఆగుతుంది. అది నమూనా జత. అమ్మకానికి కాదు. మాణిక్యమ్మ చేతికి మాత్రమే. మిగతా సైజులన్నీ దాని తర్వాత.

ఇంట్లో ఆమె కొలతతో కుట్టిన రవికలు తప్ప ఆమె కోసం తయారైన వస్తువు ఇంకేదీ లేదు. కార్ఖానాలో ఆ గాటు ఉంది.

*

కైలాసం కొడుకు నిఖిలేష్ షాపుకు రావడం మొదలుపెట్టాక బేరాలు ఫోనులోకి పోయాయి. మొదట్లో అతను గాజులను బల్ల మీద పెట్టి వీడియో తీసేవాడు. ఎవరూ చూడలేదు. తర్వాత మాణిక్యమ్మ చెయ్యి పెట్టించాడు. జనం చూశారు. వీడియోల కింద రాతలు రాశారు.

"ఏం రాసిన్రు బాబూ?" అని ఆమె రోజూ అడిగేది.

ఒకరోజు అతను చదివి ఆగిపోయాడు.

"చెప్పు, ఏం గాదు."

"ఎవడో పాగల్‌గాడు ఆంటీ. 'గాజులు దుల్హన్‌వి, చేతులు దాదీవి' అంట." పెళ్ళికూతురి గాజులు, నాయనమ్మ చేతులు అని.

షాపులో పార్శిళ్ళు కట్టడానికి కొత్తగా వచ్చిన స్వీటీ కిసుక్కుమంది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యిని నిఖిలేష్ చూశాడు. అతను చూడటం మాణిక్యమ్మ చూసింది.

ఆ రాత్రి ఇంట్లో ట్యూబులైటు కింద చెయ్యి పరిచి పెట్టుకుంది. రోజూ ఉన్న చెయ్యే. చర్మం పలచబడింది. వెనకవైపు గుంటలు పడ్డాయి. గుంటల మధ్య నరాలు ఆకుపచ్చగా లేచి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆమె గాజును చూసింది. చెయ్యిని చూడలేదు.

చెయ్యి కాసేపు పైకెత్తితే నరాల్లో రక్తం దిగి అవి అణిగిపోతాయని తెలుసుకుంది. అప్పటినుంచి ప్రతి వీడియోకు ముందు ప్రార్థనలో నిలబడ్డట్టు చెయ్యెత్తి నిలబడేది. దించగానే నిఖిలేష్ గబగబా తీయాలి. కొంచెం ఆలస్యమైతే మళ్ళీ ఎత్తాలి.

"ఆంటీ, ఇదేం లొల్లి? స్వీటీకి ఏసి తీస్త ఒకసారి."

"రంజాన్ సామాను దిగనీ బాబూ, నేనే చూపిస్త," అన్నది ఆమె.

కైలాసం గల్లా దగ్గర నుంచి తలెత్తి, "చూద్దాం లేరా," అన్నాడు. ఆయన ఎప్పుడూ కాదనే మాట అనడు. చూద్దాం అంటాడు. ఆయన చూద్దాం అన్నది ఏదీ తర్వాత కనబడదని షాపులో అందరికీ తెలుసు.

*

చేతులకు కొవ్వు ఎక్కిస్తారన్న మాట ఒక కస్టమరు చెప్పింది. నది అవతలి నుంచి వచ్చిన ఆవిడ ముఖం ముసలిది, చేతులు పడుచువి. మాణిక్యమ్మ అడగలేక అడిగింది. పొట్టలోంచి కొవ్వు తీసి చేతుల వెనక నింపుతారు, నరాలు లోపలికి పోతాయి, గుంటలు పూడుతాయి అని ఆవిడ చెప్పింది.

మాణిక్యమ్మ భర్త ఇస్సాకు నీళ్ళ డిపార్టుమెంటులో పైపుల పని చేసి రిటైరయ్యాడు. జల్‌పల్లిలో చిన్న ప్లాటు మీద రెండు గదులు లేపాడు. బయటి తలుపు ఒక్కటి వచ్చింది. లోపలి తలుపులకని దాచిన డబ్బు దాచినట్టే ఉంది. గదికీ గదికీ మధ్య పాత చీర వేలాడుతోంది.

"పొట్టలది తీసి చేతులకు పెడ్తరా?" అన్నాడు.

"ఆఁ."

"నాకాడ మస్తుంది. తీసుకపొమ్మను, ఊకెనే ఇస్త."

"ఎవలది వాళ్ళదే పెట్టాల్నట."

అతను నవ్వాడు. తర్వాత వేలాడుతున్న చీర వైపు చూశాడు. "మరి తలుపులు?"

"పర్దా ఉన్నది గద."

"గీ వయసుల ఎందుకు మాణిక్యం? పోతే పోనీ. ఇంట్ల కూసో."

"ఇంట్ల కూసొని ఎవలకు చూపియ్యాలె?"

మర్నాడు ఇస్సాకు బ్యాంకుకు పోయి, దాచిన డబ్బు తెచ్చాడు.

షాపులో నిజం చెప్పలేదు. దేవుని కూటాలకు ఊరికి పోతున్నానని చెప్పింది. చేతులు అట్లాగే పుట్టినట్టు ఉండాలని ఆమె కోరిక.

డాక్టరమ్మ చిన్న పిల్లలా ఉంది. నొప్పి తెలియకుండా మందిచ్చారు. మాణిక్యమ్మ మెలకువగానే ఉంది. పొట్టలోంచి తీసింది సిరంజిలో పసుపుపచ్చగా, పేరిన నెయ్యిలా కనబడింది. ఇన్నేళ్ళు తిన్న అన్నం అంతే ఉందా అనిపించింది. రెండు చేతులకూ ఎక్కించారు.

"ఏం పని చేస్తారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"షాపుల."

"బరువులు ఎత్తుతారా?"

"లేదు బిడ్డా. చూపిస్త, గంతే."

"కొవ్వు లోపల అతుక్కోవాలి. నెల దాటేదాకా చేతులు ఒత్తకూడదు, పిండకూడదు. బిగుతుగా ఏదీ కట్టొద్దు. కొంత ఎట్లాగూ కరిగిపోతుంది. మిగిలింది మీది."

మాణిక్యమ్మ తలూపింది. గాజుల మాట ఆమె చెప్పలేదు. డాక్టరమ్మ అడగలేదు. బోసి చేతులున్న మనిషిని గాజుల గురించి ఎవరు అడుగుతారు?

కొన్నాళ్ళు రెండు చేతులూ దిండు మీద పెట్టుకొని కూర్చుంది. ఇస్సాకు అన్నం కలిపి తినిపించాడు. వాపు కొంత తగ్గి, నలుపు పోయాక, కిటికీ దగ్గరికి పోయి చూసుకుంది. గుంటలు లేవు. నరాలు లేవు. ఆ పెద్దింటావిడ చూసిన చెయ్యి. ఇస్సాకు పట్టుకోబోయి, ఒత్తొద్దన్నారని గుర్తొచ్చి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

*

"దేవుని కూటాలల్ల మంచిగ తినిపించినట్టున్నరు. చేతులు నిండినయ్," అన్నాడు కైలాసం.

"ఆంటీ, సూపర్!" అన్నాడు నిఖిలేష్. "రండ్రి, రంజాన్ నమూనాలు పొద్దుగాలనే వచ్చినయ్. లైటు మంచిగుంది, ఇయ్యాలనే తీసేద్దాం."

ముదురు ఆకుపచ్చ మఖమల్ మీద కొత్త జతలు వరసగా ఉన్నాయి. ఆమె మొదటిది తీసింది. వేళ్ళు దగ్గరికి చేర్చి, బొటనవేలు లోపలికి మడిచి, ఎప్పటిలా ఎక్కించింది. గాజు కణుపుల దగ్గర ఆగింది.

ఇంకోసారి ఎక్కించింది. ఆగింది.

గడప దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి చూసి సైజు చెప్పగలదు ఆమె. నిండు నెలల మనిషికి ఒక సైజు పెంచి ఇస్తుంది, జ్వరపడి లేచిన పిల్లకు ఒక సైజు తగ్గించి ఇస్తుంది. నిండిన చెయ్యి పెద్ద చెయ్యి అవుతుందన్న మాట తన విషయంలో తట్టలేదు. కార్ఖానాలో కర్రమీద గాటు పాత చోటే ఉంది. గాజులు పాత చేతికి వచ్చాయి.

"ఏంది ఆంటీ, పోతలేదా?"

"పోతది. ఉండు."

"నొప్పి చేస్కోకు. స్వీటీకి ఏద్దాం. ఆమెకు కొంచెం వదులైతయ్, ఫికర్ లేదు, ఫోన్ల తెల్వదు."

స్వీటీ పార్శిలు కింద పెట్టి లేచింది. పిలవకముందే లేచిందని కాదు. పిలిచారని లేచింది. మాణిక్యమ్మ గాజును చేతిలోంచి వదల్లేదు. చెప్పొచ్చు. నెల ఆగమని చెప్పొచ్చు. నెల ఆగితే రంజాన్ అయిపోతుంది. ఈ వారం ఎవరి చెయ్యి ఫోనులోకి పోతే కార్ఖానాకు ఆ చెయ్యి కొలతే పోతుంది.

"కూసో బిడ్డా," అన్నది స్వీటీతో. "జర సబ్బు తెచ్చి ఇయ్యి."

చేతికి సబ్బు నురగ రాసుకుంది. పలచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుంది. ఎన్నో పెళ్ళికూతుళ్ళకు చేసినట్టే, కుడిచేత్తో ఎడమచేతి కణుపులను లోపలికి నొక్కి, గాజును వెనక్కి తోసింది. చర్మం కింద ఏదో కదిలింది. మెత్తగా, ముద్దగా, చోటు మారినట్టు. గాజు దాటి మణికట్టు మీద కూర్చుంది.

కవరు లాగేసి, చెయ్యి తుడుచుకొని, బల్ల మీద పెట్టింది. పైకెత్తాల్సిన అవసరం లేకపోయింది. నిఖిలేష్ తీశాడు. వాచిన చెయ్యి తళతళలాడింది.

"దించు ఆంటీ. ఇంకోటి."

అట్లా మఖమల్ ఖాళీ అయ్యేదాకా. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేకపోయింది, ఎడమచేతి వేళ్ళు ముడుచుకోలేదు. సాయంత్రానికి చెయ్యి నీలంగా మారింది. కొంగులో చుట్టుకొని బస్సెక్కింది. ఫోనులో జనం బాగా రాశారు. దాదీ అని ఎవరూ రాయలేదు. ఆ రాత్రి ఆమె ఆ రాతలు ఇస్సాకుతో మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

*

వాపు దిగాక ఎడమచేతిలో ఏమీ మిగల్లేదు. మణికట్టు పైన ఒకచోట చిన్న గడ్డలా కొంచెం నిలిచింది. తక్కిన చోట గుంటలు తిరిగి పడ్డాయి, నరాలు తిరిగి లేచాయి. కుడిచెయ్యిని ఎవరూ నొక్కలేదు. అది నిండుగా నిలబడింది. పనిచేసే చెయ్యి పడుచుదయింది. చూపించే చెయ్యి ముసలిదయింది.

డాక్టరమ్మ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "దీన్ని ఏం చేశారమ్మా?" అన్నది.

"గాజులు తొడిగిన."

"నాకు చెప్పలేదు కదా."

"నాకే తెల్వది బిడ్డా."

మళ్ళీ ఎక్కించవచ్చని డాక్టరమ్మ అన్నది. ఇంట్లో ఇంక తలుపుల డబ్బు లేదు.

పెళ్ళిళ్ళ సామాను దిగింది. పెళ్ళి గాజులు రెండు చేతులకూ నిండుగా వేసి, చేతులు జోడించి చూపించాలి. నిఖిలేష్ ఒక్క వీడియో తీశాడు. రాతలు వచ్చాయి. ఈసారి అతను చదవలేదు. ఆమే స్వీటీ చేత చదివించుకుంది.

"'రెండు చేతులు ఇద్దరు మనుషులవా' అంటున్నరత్తా," అన్నది స్వీటీ, తల దించుకొని.

కైలాసం గల్లా మూసి వచ్చాడు. "మాణిక్యమ్మా, నువ్వే ఈ పిల్లను కార్ఖానాకు తీస్కపో. సైజు ఇప్పిచ్చి రా. నీకైతే ఎరుక. తర్వాత నీ సంగతి చూద్దాం."

చూద్దాం అన్నాడు.

కార్ఖానాలో బొగ్గుల వేడి, లక్క వాసన. గాజులు చేసే ముసలి కారీగర్ స్వీటీ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, మాణిక్యమ్మ ముఖం చూశాడు. కర్ర మీద సన్నవైపు కొత్త గాటు పెట్టాడు. పాత గాటు అట్లాగే ఉంది. కర్ర మీద పడ్డది పోదు, దాని దగ్గర గాజు ఆగదు, అంతే. మొదటి జత వేడి తగ్గాక స్వీటీకి మాణిక్యమ్మే తొడిగింది. బొటనవేలు మడిచి, కణుపులు నొక్కి.

"నొయ్యలేదత్తా," అన్నది పిల్ల.

"నొయ్యది. నీ సైజే గద."

ఇప్పుడు షాపులో వచ్చినవాళ్ళకు గాజులు తొడగడం మాణిక్యమ్మ పని. రద్దీ ఉన్న రోజుల్లో రమ్మంటారు. పాత నమూనా జతలన్నీ నిఖిలేష్ ఒక బుట్టలో పోసి, చవకగా అమ్మకానికి షట్టరు బయట పెట్టించాడు. ఏ రంగుది ఏ ఏడాదిదో ఆమెకు తెలుసు. ఎవరూ అడగరు.

నిన్న మధ్యాహ్నం బేరం లేని వేళ ఆమె ఆ బుట్టలోంచి ఒక జత తీసి ఎడమచేతికి వేసుకుంది. సబ్బు అక్కర్లేకపోయింది. అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తి కాసేపు నిలబడింది. గాజులు మోచేతి వైపు జారాయి. నరాలు అణిగాయి. లోపల స్వీటీకి లైటు సర్దుతున్నారు. ఎవరూ ఇటు చూడలేదు.

చెయ్యి దించింది. గాజులు మణికట్టు దగ్గరికి వచ్చి ఆగాయి. నరాలు ఒక్కొక్కటే లేచాయి.