చిల్లులక్క చెరిపేసిన వాక్యం

ఓడల కంపెనీ టెలిప్రింటర్ గదిలో ఆవిడకి చిల్లులక్క అని పేరు. పెట్టింది గుమాస్తాలే అయినా, ఆవిడ దాన్ని గొప్పగానే చెప్పుకునేది. పనే అది మరి. మీట నొక్కితే వేలెడు వెడల్పున్న కాగితం టేపు మీద అడ్డంగా ఓ వరుస చిల్లులు పడతాయి. అక్షరానికో వరుస, వరుసకి ఏడు చోట్లు. ఏ చోట చిల్లుంది, ఏ చోట లేదు అన్నదాన్ని బట్టి అవతలి ఊళ్లో యంత్రం అక్షరాన్ని పోల్చుకుని అచ్చు వేస్తుంది.

మరి తప్పు కొడితే? పడ్డ చిల్లుని పూడ్చలేం కదా. టేపుని వెనక్కి జరిపి, ఆ వరుసలో మిగిలిన చోట్లు కూడా పొడిచేయాలి. ఏడుకి ఏడూ చిల్లులుంటే 'ఇక్కడేమీ లేదు, ముందుకు పో' అని యంత్రానికి గుర్తు. అది అక్షరమూ కాదు, ఖాళీ కూడా కాదు. అవతల కాగితం మీద చుక్కయినా పడదు. కింద ఏముండేదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఆవిడ చెల్లెలు అదే కంపెనీలో ఫైళ్లు చూసేది. అవతలి ఊరి ఆఫీసులో సర్వేయరుకి ఆ పిల్ల మీద మనసు. మూడేళ్ల పని మీద దూరదేశం వెళ్లాల్సివచ్చి, 'శుక్రవారంలోగా ఒక్క మాట చెబితే ఆగుతాను, లేదంటే ఓడెక్కేస్తాను' అని, ఆఫీసుకి పంపిన సర్వే పటాలతో పాటు ఆ పిల్లకి ఉత్తరం పెట్టాడు. శుక్రవారం పొద్దున్నే చెల్లెలు ఓ చీటీ తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"పటాలు అందాయి. నేను తప్పకుండా వస్తాను, నా కోసం ఆగండి."

"వెంటనే పంపించక్కా, నీకు పుణ్యముంటుంది" అంది.

ఇంట్లో అమ్మ పక్షవాతంతో మంచం పట్టి రెండేళ్లు. ఇద్దరూ వంతులేసుకుని చూస్తేనే ఒళ్లు హూనమయ్యేది. చీటీ మొత్తం టేపు మీదకి ఎక్కించాక, ఇకమీదట తనొక్కతే అన్న సంగతి అక్కకి తట్టింది. టేపు వెనక్కి జరిపింది. రెండో వాక్యంలో అక్షరాలూ ఖాళీలూ చుక్కలూ కలిపి ఇరవై రెండు వరుసలు. ఒక్కసారి నొక్కి ఉంటే చెయ్యి జారిందనుకోవచ్చు. ఇరవై రెండు సార్లు జారుతుందా చెయ్యి?

సాయంత్రం చెల్లెలు అడిగితే "పంపేశాను" అంది.

అమ్మ కోసమే చేశానని చాలా ఏళ్లు తనకి తనే నచ్చజెప్పుకుంది. ఎవరి చెవిలో పువ్వులు పెడతావు తల్లీ? అమ్మ ఆ ఏడాదే పోయింది. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా. విప్పలేదు. పెళ్లి ఊసెత్తితే చెల్లెలు లేచి వెళ్లిపోయేది. అక్కకి కంట్లో నలుసులా అదొక్కటే బాధ, పైకి చెప్పుకోలేని బాధ.

ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఓ మధ్యాహ్నం చెల్లెలు కంప్యూటరు ముందు కూర్చుని కొళాయి కారుతోందని ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకి ఉత్తరం కొడుతూ, ఓ ముక్క తుడిచేసి నవ్వింది.

"దీంతో ఎంత సుఖమో చూడు. నీ టేపుల్లా కాదు, గుర్తే మిగలదు."

"దీన్లోనూ ఉందే ఆ గుర్తు" అంది అక్క. "చిల్లున్న చోట ఒకటి, లేని చోట సున్నా. ఏడూ ఒకట్లయితే కంప్యూటరు లెక్కలో నూట ఇరవై ఏడు. టేపులు పోయినా చెరిపేతకి ఆ అంకెనే ఉంచేశారు." ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననుకుని అంది. "ఆ శుక్రవారం నీ రెండో వాక్యం మీద నేను కొట్టింది అదే. ఆయనకి పటాల సంగతి ఒక్కటే అందింది."

చెల్లెలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అక్కకి. చెల్లెలు తిట్టలేదు.

"ఓడెక్కే ముందు ఆయన నాకు రాశాడు. పటాల గురించి రాసిన చేత్తో ఇంకో ముక్క రాయలేకపోయావా అని. నేను రాశానుగా. ఇంత పచ్చి అబద్ధమా అని ఒళ్లు మండి చించేశాను. తర్వాత మూడు ఉత్తరాలొస్తే విప్పనైనా లేదు."

"నన్నొక్క మాట అడగాల్సింది కదే."

"నిన్ను అడగడమేంటక్కా" అంది చెల్లెలు. "నువ్వు పంపానన్నావు కాబట్టే కదా ఆయన్ని అబద్ధాలకోరు అనుకున్నాను."