కోటేశ్వరమ్మ గారికి వచ్చిన జవాబు

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, పిడుగురాళ్లకు ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నన్ను ఆరోగ్య పర్యవేక్షకురాలిగా వేశారు. ఇక్కడ రాయబోయేది ఆ తరువాత వచ్చిన జనవరిలో జరిగింది. మిరప మొదటి కోత అయి, కళ్లాలన్నీ ఎర్రగా నిండి, ఊళ్లో అడుగు పెడితే తుమ్ములు ఆగని రోజులవి.

మా ఉద్యోగాల వరుస తెలియనివారి కోసం ఒక మాట. ఊరికొక ఆశా కార్యకర్త ఉంటుంది. ఆమె పైన ఏఎన్‌ఎం, అంటే జనం నర్సమ్మ అని పిలిచే మనిషి. ఆరుగురు ఏఎన్‌ఎంల పైన ఒక పర్యవేక్షకురాలు, అందరి పైనా డాక్టరుగారు. పర్యవేక్షకురాలి పని ముఖ్యంగా మందులివ్వడం కాదు. కింది వాళ్లు రాసిన రిజిస్టర్లు నిజమో కాదో ఇళ్లకు వెళ్లి చూడడం. ఆ పని నేను బాగానే చేసేదాన్ని. నోరు కూడా బాగానే చేసుకునేదాన్ని. పెద్ద నర్సమ్మ వస్తోందంటే మా ఏఎన్‌ఎంలు ముందు రిజిస్టరు, తరువాత చీర కొంగు సర్దుకునేవారు.

ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణులందరినీ డాక్టరు చూడాలి. బరువు, రక్తం, మూత్రం, బీపీ చూసి కార్డులో రాయాలి. బీపీ పై అంకె నూట నలభై గానీ, కింది అంకె తొంభై గానీ ముట్టుకుంటే ఎర్ర సిరాతో రాసి, ఆ మనిషిని ఇక వదలకూడదు. ఆ బీపీకి తోడు కాళ్ల వాపు, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు వస్తే మా వైపు గుర్రపువాతం అంటారు. ముదిరితే ఫిట్సు వస్తాయి. అలా పోయిన తల్లులను నా ఉద్యోగంలో ముగ్గురిని చూశాను. మూడు ముఖాలూ ఈనాటికీ గుర్తే.

ఆ తొమ్మిదో తేదీన పంతొమ్మిది మంది రావాలి. పద్దెనిమిది మందే వచ్చారు. రాని పిల్ల పేరు శ్రావణి. ఇరవై రెండేళ్లు, తొలిచూలు, ఎనిమిదో నెల. ఆ ఊరు చూసే ఏఎన్‌ఎం రజనిని పిలిచి అడిగాను.

“వాళ్లింటికి ఫోన్ చేశాను మేడం. కాస్త తలనొప్పంట, అంతే. అడిగితే మెడ పట్టేయడం వల్లేనని చెప్పిందంట. కోతలైనాక వస్తానంది,” అంది రజని.

ఎవరే చెప్పింది అన్నాను.

“అదే మేడం, ఫోన్లో మాట్లాడుద్ది కదా, అది.”

తలనొప్పి అన్న మాట చాలు నాకు. అన్నం క్యారేజీ విప్పకుండానే రజని స్కూటీ ఎక్కాను.

ఆ ఫోన్ సహాయకురాలి గురించి నాకు అప్పటికే కొంత తెలుసు. మనిషి కాదు, ఏడాది, ఏడాదిన్నరగా ఇంటింటా ఫోన్‌లో వినబడుతున్న యంత్రం గొంతు. తెలుగులో, ఆడగొంతుతో, పేరు పెట్టి, గారు చేర్చి మాట్లాడుతుంది. ఒకసారి చెప్పిన సంగతి మరచిపోదు. అంతకు ముందు కాలం వేరు. చదువుకున్న పిల్లలు నెట్‌లో వెతికేవారు. ఒక్క తలనొప్పికి పది జబ్బుల జాబితా వచ్చేది. అందులో అన్నిటికంటే చెడ్డదాన్ని పట్టుకుని, రంగు పోయిన ముఖాలతో మా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు. వాళ్లతో వేగలేక మా ప్రాణం విసిగిపోయేది. ఈ గొంతు వచ్చాక ఆ పరుగులు తగ్గాయి. ఇళ్లలో ఆడవాళ్లు కుదుటపడ్డారని, మాకు గోల తప్పిందని నేను సంతోషించాను కూడా.

కళ్లం ఊరి చివర ఉంది. నలుగురు ఆడవాళ్లు పరదా పట్టా నీడన కూర్చుని తొడిమలు తీస్తున్నారు. శ్రావణి వాళ్లలో ఉంది. కాళ్లు బారజాపి కూర్చుంది. ముందు నాకు ముఖం కనబడలేదు, కాళ్లే కనబడ్డాయి. వెండి పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశాను. పడిన గుంట పూడలేదు. ముఖం ఎత్తమంటే ఎత్తింది. కళ్లు ఉబ్బి రెప్పలు బరువుగా ఉన్నాయి.

ఆమె అత్త కోటేశ్వరమ్మ చేతులు దులుపుకుని వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి, గట్టి మనిషి, మాట కూడా గట్టిదే. “ఏందమ్మా, అంత కంగారు పడి వచ్చారు? పిల్లను పనికి రమ్మని నేను అనలేదు. ఇంట్లో ఊసుపోవట్లేదని అదే వచ్చి కూర్చుంది,” అంది.

నేను బీపీ పట్టీ చుట్టాను. నూట డెబ్బై ఆరు, నూట పద్నాలుగు. నమ్మకం కుదరక రెండో చేతికి చుట్టాను. అదే. ముప్పై ఐదేళ్ల సర్వీసులో నేను చూసిన వాటిలో అది చాలా పెద్ద అంకె. ఆ సంగతి ముఖాన కనబడనివ్వకూడదని మాకు ట్రైనింగులోనే నేర్పుతారు. కనబడనివ్వలేదు.

108 బండి అప్పుడు పిడుగురాళ్ల అవతల వేరే కేసులో ఉంది. ఎదురు చూసే వీలు లేదు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు ఎక్కించి ఉన్న ట్రాలీ ఆటో ఒకటి కళ్లంలోనే ఉంటే, వాటిని దింపించి, పట్టాలు పరిపించి, పిల్లను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి మా కేంద్రానికి తీసుకొచ్చాము. దారి పొడవునా పిల్ల తుమ్మినప్పుడల్లా ఇది తుమ్మేనా, ఫిట్సా అని వంగి ముఖం చూస్తూనే ఉన్నాను.

కేంద్రంలో మూత్ర పరీక్ష చేస్తే అల్బుమిన్ నిండుగా ఉంది. ఇటువంటి కేసును పెద్దాసుపత్రికి పంపే ముందు ఫిట్సు రాకుండా మెగ్నీషియం సల్ఫేటు మొదటి మోతాదు ఇవ్వాలి. డాక్టరుగారు చెప్పగా నేనే రెండు వైపులా లోతుగా ఇంజెక్షన్ ఇచ్చాను. నొప్పికి పిల్ల పళ్లు బిగబట్టింది. బండి వచ్చేదాకా ఆమెను మాట్లాడించాలి. మాట తడబడితే మాకు ముందే తెలుస్తుంది. అందుకని ఎప్పటి నుంచి నొప్పి, ఏం చేశావు అని అడుగుతూ కూర్చున్నాను.

నాలుగు రోజుల నుంచి తల పగిలిపోతోందట. తన ఫోన్ కళ్లంలో పడి పగిలితే పిడుగురాళ్లలో రిపేరుకిచ్చారట. అందుకని అత్త ఫోన్‌లో అడిగిందట. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కాళ్ల వాపు, మూడూ చెప్పిందట.

మరి కడుపుతో ఉన్నానని చెప్పలేదా అన్నాను.

“దానికి తెలుసు కదండీ,” అంది శ్రావణి. “నెల తప్పిన కాడి నుంచి అన్నీ దానికి చెప్పుకుంటూనే ఉన్నా. ఎన్నో వారమో అదే లెక్క చెప్పేది.”

అది నీ ఫోన్‌లో కదమ్మా, మీ అత్త ఫోన్‌కి అవేవీ తెలియవు కదా అన్నాను.

పిల్ల నా వంక అయోమయంగా చూసింది. “గొంతు అదేనండీ. అదే మనిషి కదా,” అంది.

ఆ పిల్ల లెక్కలో ఆ గొంతు నర్సమ్మ లాంటిదే. ఈ ఇంటికీ వచ్చేది, పక్కింటికీ వచ్చేది ఒక్క నర్సమ్మే అయినప్పుడు, తన సంగతి ఆమెకు కొత్తగా చెప్పాలా? మరి నీ పేరు పెట్టి పిలిచిందా అంటే, కోటేశ్వరమ్మ గారూ అనే పిలిచిందట. ఫోన్ అత్తది కాబట్టి బ్యాంకు మెసేజీలాగా ఆమె పేరే వస్తుందిలే అనుకుందట.

అట్లయినా నాలుగు రోజులు ఎందుకు ఊరుకున్నావు, నా దగ్గరికి రావచ్చు కదా అన్నాను. మందలింపుగానే అన్నాను, అలవాటు కొద్దీ.

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. “ఐదో నెలలో కడుపు గట్టిగా ఉందని నెట్‌లో చూసి వస్తే, అందరి ముందూ తిట్టారు కదండీ మీరు. ఫోన్ చదువులు చదివి మా ప్రాణాలు తీయొద్దన్నారు.”

అన్నాను. నాకు గుర్తుంది. ఆ రోజు బెంచీ మీద కూర్చున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

108 వచ్చింది. నేను, కోటేశ్వరమ్మ ఎక్కాము. సత్తెనపల్లి దాటిన తరువాత పిల్ల మాట ఆగిపోయింది. కళ్లు పైకి తేలాయి, దవడ బిగుసుకుంది. బండిలోని టెక్నీషియన్ నోట్లో నురగ తీస్తుంటే నేను తల పట్టుకున్నాను. నిమిషం కంటే ఎక్కువ ఉండదు ఫిట్. ఆ నిమిషంలో కోటేశ్వరమ్మ అరవలేదు, ఏడవలేదు. కోడలి పాదాలు రెండూ గట్టిగా పట్టుకుని, “ఫోన్‌లో అడిగాం కదమ్మా, అడిగాం కదమ్మా,” అని నాతో అంటూనే ఉంది. నాకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను. ఫిట్ ఆగింది. స్పృహ మాత్రం గుంటూరు పెద్దాసుపత్రికి చేరేదాకా రాలేదు.

చేరిన గంటలోపే ఆపరేషన్ చేశారు. పిల్ల బతికింది. పుట్టింది ఆడశిశువు, పన్నెండు వందల గ్రాములు. గాజు పెట్టెలో పెట్టారు.

మరునాడు వార్డు బయట కోటేశ్వరమ్మ ఫోన్ తీసుకుని ఆ సంభాషణ చదివాను. కోడలు చెప్పిన మూడు లక్షణాలూ ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. కింద జవాబు. కోటేశ్వరమ్మ గారూ, మీరు ఇంతకుముందు చెప్పిన మెడ నొప్పి, రోజంతా కూర్చుని తొడిమలు తీయడం వల్ల ఇలా రావచ్చు, కళ్లజోడు నంబరు చూపించుకోండి, రాత్రిళ్లు కాళ్ల కింద దిండు పెట్టుకోండి, కంగారు పడకండి. ఎక్కువైతే డాక్టరును కలవండి అని చివర ఉంది. ఆ మాట ప్రతి జవాబు కిందా ఉంటుంది. బీడీ కట్ట మీద హెచ్చరిక బొమ్మను ఎవరు చూస్తారు?

మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ జవాబులో తప్పు లేదు. మెడ నొప్పి, చత్వారం ఉన్న యాభై రెండేళ్ల మనిషికి నేను చెప్పినా దాదాపు అదే చెబుతాను. ఆ వయసు మనిషిని కడుపుతో ఉన్నావా అని నేనూ అడగను. అదే పాత పద్ధతిలో ఆ మూడు లక్షణాలు వెతికి ఉంటే, పది జబ్బుల మధ్య ఎక్కడో ఒకచోట గర్భిణి అన్న మాట శ్రావణి కంట పడేది. వెతికేది ఎవరో ఆ జాబితాకు తెలియదు కాబట్టి అన్నీ చెప్పేది. దీనికి మనిషి తెలుసు. తెలిసిన మనిషికి తగినది ఒక్కటే చెప్పి, మిగతావి దాచింది.

నేను ఫోన్ తిరిగి ఇచ్చాను. కోటేశ్వరమ్మ ఊళ్లో ఉన్న కొడుకుతో మాట్లాడదామని దాన్ని పలకరించింది. కొడుకుకు కలిపే ముందు ఆ గొంతు మర్యాదగా, “కోటేశ్వరమ్మ గారూ, మొన్న చెప్పిన తలనొప్పి తగ్గిందా అండీ?” అని అడిగింది. ఆమె ఫోన్‌ను బెంచీ మీద పెట్టేసి, రెండు బెంచీల అవతలకు వెళ్లి కూర్చుంది.

మూడో రోజు ఉదయం బిడ్డ పోయింది.

శిశువు పోతే విచారణ ఫారం నింపాలి. అందులో మూడు ఆలస్యాలు ఉంటాయి. ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఎక్కడ ఆలస్యమైందో టిక్కు పెట్టి, పక్కన కారణం రాయాలి. మొదటి దానికి టిక్కు పెట్టాను. కారణం దగ్గర, కుటుంబానికి అవగాహన లేదు అని రాసేయమ్మా, అందరూ రాసేదే కదా అన్నారు డాక్టరుగారు. చెడ్డ మనిషి కాదు. ఆ గడిలో అంతకంటే పట్టదు.

నేను అది రాయలేదు. “అడిగారు. వెంటనే జవాబు వచ్చింది. అది వేరే మనిషికి చెప్పవలసిన జవాబు. ఆరోగ్య కేంద్రానికి రాకపోవడానికి ఇంకొక కారణం, అంతకుముందు భయపడి వచ్చినప్పుడు పర్యవేక్షకురాలు అవమానించడం,” అని రాసి నా సంతకం పెట్టాను. వారం తరువాత జిల్లా ఆఫీసు నుంచి ఫారం తిరిగి వచ్చింది, కారణం స్పష్టంగా రాయమని. అదే మళ్లీ రాసి పంపాను. ఆ తరువాత తిరిగి రాలేదు.

తరువాత మిగిలిన సర్వీసులో మా ఏఎన్‌ఎంలకు ఒక పద్ధతి పెట్టాను. ఫోన్‌లో అడిగామని ఏ ఇంట్లో చెప్పినా, అడిగింది ఎవరు, ఫోన్ ఎవరిది, ఏమని అడిగారు అని మూడూ కనుక్కుని కార్డు వెనక రాయాలి. రాసి ఊరుకోకూడదు, బీపీ పట్టీ చుట్టాలి.

శ్రావణికి ఇప్పుడు మళ్లీ ఐదో నెల. ఏ గొంతునూ అడగడం లేదు. గుంటూరు బ్రాడీపేటలో రిటైరై కూర్చున్న నాకు ఫోన్ చేస్తుంది. తల బరువుగా ఉందంటుంది, కాలు లాగుతోందంటుంది. నేను ఆమెకు ధైర్యం చెప్పను. ముందు వెళ్లి బీపీ చూపించుకో, అంకె చెప్పు అంటాను. ఫోన్‌లో నేనూ ఒక గొంతునే. మనిషిని చూడకుండా, కాలు నొక్కకుండా, ఏమీ కాదులే అనే హక్కు ఎవరికీ లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. ముప్పై ఏడేళ్లలో ఆ మాట నేను ఎందరితో అన్నానో ఏ రిజిస్టరులోనూ రాసి లేదు.