మూడు పాయింట్ల మనిషి

ఆదివారం మధ్యాహ్నం అరియాంకుప్పంలో బస్సెక్కి టౌన్లో ఒక అక్క ఇంటికి వెళ్లేవాణ్ణి. యానాం నుంచి వచ్చి ఇక్కడ లెక్చరరు పని చేస్తోంది. ఆమె అద్దె మేడ మీద నలుగురం కూర్చుని పాచికలతో ఆడేవాళ్లం. తలా ఒక వీరుడి వేషం. అక్క కథ చెబుతూ రాక్షసులను మా మీదికి వదులుతుంది. మా వీరుడు ఏం చేస్తాడో మేము నోటితో చెప్పి పాచిక వేస్తాం. ఒక్కొక్కరి కాగితం మీద కొన్ని హిట్ పాయింట్లు ఉంటాయి. దెబ్బ పడినప్పుడల్లా పెన్సిల్ అంకె చెరిపి తక్కువ అంకె వేసుకోవాలి. సున్నా అయితే వీరుడు పడిపోయినట్టే.

మిగతా ఆరు రోజులూ తట్టాంచావడిలో మా అన్న అట్టపెట్టెల వర్క్‌షాపులో, పిన్నులు కొట్టే మిషను ముందు ఉండేవాణ్ణి. పదకొండేళ్లుగా అదే పని. మానేస్తానని అన్నకు చెప్పాలని ఆ ఏడాదంతా అనుకున్నాను. నాన్న పోయాక నన్ను పెంచినవాడు. చెబితే కొడతాడా? కొట్టడు. అదే చిక్కు. నోరు పెగలక నా మీద నాకే ఒళ్లు మండేది.

ఓ ఆదివారం నా వీరుడికి మూడే పాయింట్లు మిగిలాయి. మహా తెలివిగా వాణ్ణి కుంటించాను, మూలిగించాను, గోడకు ఆనించి కూర్చోబెట్టాను. అందరూ పడీపడీ నవ్వారు.

"పాయింట్లంటే నెత్తురు కాదు తమ్ముడూ," అంది అక్క. "ఊపిరి, ఒడుపు, కాస్త అదృష్టం. ఇంతసేపూ కత్తి తగలకుండా తప్పించుకుంటూ వచ్చావు. ఆ శక్తి అయిపోతోందంతే. మూడున్నా ముప్పై ఉన్నా నీ వీరుడు ఒకేలా కొడతాడు."

నాకు కోపం వచ్చింది. "అట్లైతే వాడు అయిపోతా ఉండాడని పక్కనోళ్లకు ఎట్ట తెలిసేది?"

"తెలీదు. నువ్వే చెప్పాలి."

మాలో వైద్యురాలి వేషం కట్టింది అక్క పొరుగింటావిడ. "ఎంత ఉండాది నాయనా?" అని అడిగింది. మూడన్నాను. ఆవిడ మంత్రం వేసి ఇరవై ఒకటి చేసింది. ఆ అంకె రాసుకుంటుంటే కింద అన్న బండి హారను మోగింది. అర్జంటు ఆర్డరు వచ్చి ఉంటుంది. నాకున్న ఒక్క ఆదివారమూ పోయింది. బోనులో పడ్డట్టు అలాగే కూర్చుండిపోయాను.

ఆవిడ నా మొహం చూసింది. "ఇప్పుడెంత ఉండాది?"

"మూడు," అన్నాను.

కాగితం మీద ఇరవై ఒకటి ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కిందికెళ్లి ఆ మాటే మీ అన్నయ్యకి చెప్పు," అంది అక్క.

మెట్లు దిగుతూ మాటలు కూడగట్టుకున్నాను. అన్న హెల్మెట్ తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందిరా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉండానన్నా."

నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? ఆ సాయంత్రం కూడా మిషను మీద ఎప్పటిలాగే కొట్టాను. ఒక్క పిన్ను కూడా వంకర పోలేదు.