ఇద్దత్‌లో క్యోటో

మా అమ్మీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. అందుకని క్యోటోలో తిరిగింది.

భర్త పోయిన ఆడమనిషి అన్ని రోజులూ గడప లోపలే ఉండాలి, పరాయి మగవాళ్ళ ఎదుట పడకూడదు. మా వాళ్ళు దీన్ని ఇద్దత్ అంటారు. అది పద్ధతిగా జరుగుతోందో లేదో చూడటానికి మా ఫుప్పు, అంటే అబ్బా వాళ్ళ అక్క, తిరుమలాయపాలెం నుంచి రెండు సంచులతో దిగింది. ఒక సంచిలో బట్టలు, రెండో సంచిలో నియమాలు.

ఏన్కూరులో మా ఇంటి ముందు గదే అబ్బా టైలరింగ్ షాపు. షట్టర్ దించాం గానీ లోపల ఏదీ కదిలించలేదు. మిషన్ సూది కింద ఎవరిదో ఆకుపచ్చ జాకెట్టు ఉంది. ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి కుట్టకుండా ఆగిపోయింది. మధ్యాహ్నం పూట ఆ గదిలోంచి టకటకమని చప్పుడు వచ్చేది. ఫుప్పు పెదవులు కదిలిస్తూ ఏవో దువాలు చదివేది. నేను లేచి వెళ్ళి, చూసి వచ్చి, "ఎలుక" అనేవాణ్ణి. ఒకసారి ఎలుక కనపడలేదు. ఆ రోజు కూడా "ఎలుక" అనే చెప్పాను.

అబ్బా ఫోన్‌కి ఇంకా ఫోన్లు వస్తూనే ఉండేవి. ఎక్కువగా అడవి వైపు ఊళ్ళ నుంచి, కబురు అందని ఆడవాళ్ళు. అమ్మీ ఎత్తేది.

"మాస్టర్ లేడా?"

"లేడు."

"ఎప్పుడొస్తడు?"

అమ్మీ కాసేపు నిజంగానే ఆలోచించేది. "చెప్పలేను" అని పెట్టేసేది.

అసలు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత నాకు వీలు కాకపోవచ్చు. అబ్బా పోయిన రోజు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఎండలు మండుతున్నాయి, ఆగలేమన్నారు. నేను బస్సు దిగి నేరుగా కబ్రస్తాన్‌కి పరిగెత్తేసరికి లోపల పడుకోబెట్టి, మొహం మూసేసి, పైన పలకలు పేరుస్తున్నారు. పిడికెడు మట్టి వేసే పని మాత్రం నాకు దొరికింది. తర్వాత వారం రోజులపాటు ఊరంతా వచ్చి నాకు అబ్బా మొహం వర్ణించింది. నవ్వుతున్నట్టే ఉన్నాడని ఒకాయన. నిద్రపోతున్నట్టు ఉన్నాడని ఇంకొకాయన. వెలుగు, వెలుగు అని మసీదు పక్క కిరాణా కొట్టాయన. ఇన్ని మొహాలు కలిపి చూసుకుంటే మనిషి కనపడటం మానేశాడు. కళ్ళు మూసుకుంటే భుజాలు వచ్చేవి, మెడలో టేపు వచ్చేది, ఆ పైన ఏమీ వచ్చేది కాదు.

సరే, క్యోటో. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తాను. ఇంటి నుంచే చేసుకొమ్మన్నారు. ఆ రోజుల్లోనే, వచ్చే నెల ఒసాకాలో క్లయింట్ ఆఫీసుకి వారం రోజులు వెళ్ళిరావాలని మెయిల్ వచ్చింది. మధ్యలో శని, ఆదివారాలు ఖాళీ. ఒసాకా నుంచి క్యోటో రైల్లో గంట కూడా పట్టదట. వెయ్యేళ్ళు రాజధానిగా ఉన్న ఊరు. నేను లాప్‌టాప్ తెరిచి ఏం చూడాలో చూసుకుంటుంటే అమ్మీ వచ్చి పక్కన కూర్చుంది. తెల్ల దుపట్టా, ఖాళీ చేతులు, చెయ్యడానికి పనేమీ లేని మనిషి.

మ్యాప్‌లో ఒక మూల చిన్న పసుపు రంగు బొమ్మ ఉంటుంది. దాన్ని పట్టుకొని పైకెత్తితే కాళ్ళు ఆడిస్తుంది. ఏ వీధిలో వదిలితే ఆ వీధి మన చుట్టూ పరుచుకుంటుంది. నేల మీద బాణం గుర్తులు కనపడతాయి, వాటిని నొక్కుతూ నడుచుకుంటూ పోవచ్చు. అమ్మీకి రెండు నిమిషాల్లో వచ్చేసింది. కుట్టు మిషన్ మీద కాళ్ళూ చేతులూ కలిపి ఆడించిన మనిషికి మౌస్ ఒక లెక్కా?

ఫుప్పు సాయంత్రం అసర్ నమాజు ముగించుకొని వచ్చి చూసింది.

"ఏందిరా అది? ఎవరి ఊరు?"

"జపాన్, ఫుప్పు."

"ఇద్దత్‌ల ఉన్న మనిషికి ఊర్లు చూపెడ్తున్నవా? గా మగోళ్ళు ఎవరు?"

"ఎవరో దారిన పొయ్యేటోళ్ళు. ఇదంతా ఫొటోనే."

ఫుప్పు కళ్ళద్దాలు తెచ్చుకొని తెరకు ముక్కు ఆనించింది. "వీళ్ళకు మొహాలేవిరా?"

"మ్యాప్ కంపెనీ వాళ్ళే మసక చేస్తరు. ఎవరూ గుర్తుపట్టకుండ."

ఆమె తీరిగ్గా ఆలోచించింది. "అంటే ఊరు మొత్తానికి పర్దా ఏసిండ్రు."

"అవ్."

"మంచి ఊరే. చూడు దుల్హన్, చూడు."

పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆమె అమ్మీని దుల్హన్ అనే పిలుస్తుంది. తెల్ల దుపట్టాలో కూర్చున్న మనిషిని పెళ్ళికూతురా అని పిలుస్తుంటే, నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు. లాప్‌టాప్ వైపు చూసేవాణ్ణి.

ఆ విధంగా మా ఇంట్లో ఇద్దత్ చెడకుండా క్యోటో యాత్ర మొదలైంది. రోజూ అసర్ తర్వాత టీ గ్లాసులతో ముగ్గురం బయల్దేరేవాళ్ళం. ఏం చూడాలో నేను రాసుకున్న పట్టిక మీద ఫుప్పు ఒక్కొక్కటే కొట్టేసింది. వెదురు వనం చూపించాను.

"బొంగులు చూడ్డానికి జపాన్ పోవాల్నా? ఇట్ల నాలుగు అడుగులేస్తె అడివంత అవే. ఫారెస్టోళ్ళు పట్టుకోకుంటే సాలు."

పాత బుద్ధుడి గుడి చూపించాను.

"బుద్ధుడు నేలకొండపల్లిల లేడా? పొద్దున బస్సుకు పోయి అన్నం యాల్లకు రావొచ్చు."

అమ్మీ మాత్రం ఏదీ కొట్టేయలేదు. పెద్ద పెద్ద గుళ్ళ ముందు ఆగకుండా సందుల్లోకి తిరిగేది. ఒక సందు మలుపులో చిన్న రాతి బొమ్మ ఉంది, దాని మెడలో ఎర్రటి గుడ్డ కట్టి ఉంది. కంప్యూటర్ మనిషనుకొని ఆ రాతి మొహం కూడా మసక చేసింది. అమ్మీ మొహం సంగతి పట్టించుకోలేదు, ఎర్ర గుడ్డని దగ్గరికి లాగి చూసింది. "అంచుకు పైపింగ్ మంచిగ కొట్టిండ్రు. రాయికి కొలతలు ఎవరు తీసుకున్నరో" అంది. అబ్బా పోయాక ఆమె నోటి నుంచి కుట్టు మాట రావడం అదే మొదలు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక ఈ ఊరితో పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఆ మర్నాడు ఆమెకు ఆ మనిషి కనపడ్డాడు.

సన్నటి కాలువ, దాని పక్కన రాళ్ళు పరిచిన దారి. ఆ ఫొటో తీసిన రోజు ముసురు పట్టినట్టుంది, దేనికీ నీడ లేదు. చెక్క తలుపు పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. మెడ చుట్టూ తెల్లటి తువ్వాలు, రెండు కొసలూ ముందుకు వేలాడుతున్నాయి. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. ఒక చెయ్యి వెనక్కి పోయి నడుము మీద ఉంది, రోజంతా వంగి కూర్చున్నవాళ్ళు లేవగానే పెట్టుకునే తీరులో. మొహం మసక.

అమ్మీ మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది. టీ చల్లారింది. నేనేమీ గమనించనట్టు ఆఫీసు మెయిల్ ఒకటి చదివాను, దాంట్లో ఏముందో ఇప్పటికీ తెలియదు.

మరుసటి రోజు ఆమె ఒకే మాట అడిగింది. "నిన్న ఆగిన కాడికి తీస్కపో."

తీసుకెళ్ళాను. ఆ తర్వాతి రోజూ అంతే. నాలుగో రోజు ఇక నాలోని ఉద్యోగి ఊరుకోలేకపోయాడు.

"అమ్మీ, ఈ ఫొటో పాతది. ఇది తీసిన నాడు అబ్బా ముందు గదిల కూసొని ఎవరి చొక్కాకో కాజాలు కుడుతున్నడు."

"నాకు పిచ్చి లేదురా. నిలబడ్డ తీరు చూస్తున్న."

"నిలబడ్డ తీరు నడుం నొప్పి ఉన్నోళ్ళందరిదీ గట్లనే ఉంటది."

"మరి ఊర్కె కూసో. నడుం నొప్పినే చూస్తున్న అనుకో."

ఆ పూట నేను రాసుకున్న యాత్రలోంచి వెదురు వనం, బంగారు మంటపం, బుద్ధుడు అన్నీ తీసేశాను. శనివారం పొద్దున ఒసాకాలో రైలెక్కాలి, దిగాక బస్సెక్కాలి, కాలువ పక్క సందులో నిలబడాలి. ఆదివారం ఏం చెయ్యాలో రాయలేదు.

ఒక రోజు ఎప్పటిలాగే పసుపు బొమ్మని తీసుకెళ్ళి కాలువ పక్కన వదిలాను. ముసురు లేదు. ఎండ కాస్తోంది, చెట్లన్నీ ఎర్రబడి ఉన్నాయి. చెక్క తలుపుకి కొత్తగా రంగు వేశారు. దాని పక్కన ఒక సైకిల్ ఉంది. మనిషి లేడు.

కంపెనీ వాళ్ళు కొత్త ఫొటోలు పెట్టారు. అంతే విషయం. అంతే విషయం అని నోరు తెరిచి చెప్పబోయేలోపు అమ్మీ అడిగింది.

"ఎటు పోయిండు?"

ఆ అడగడం ఎలా ఉందంటే, పాలకని బయటికి వెళ్ళిన మనిషి ఇంకా రాలేదేమని అడిగినట్టుంది. ఆమె మౌస్ లాక్కొని బాణం గుర్తులు నొక్కుతూ ముందుకు వెళ్ళింది. కాలువ వెంట, చిన్న వంతెన దాటి, ఇంకో సందులోకి. ఫుప్పు కళ్ళద్దాలు పెట్టుకొని వచ్చి వెనక నిలబడింది.

"ఆ మూల తిరుగు దుల్హన్."

"చూసిన ఆపా, లేడు."

"గా దుకాణం ముంగట ఎవరో ఉన్నరు చూడు."

"గొడుగు పట్టుకున్నడు. ఆయన గొడుగు పడ్తడా?"

"అవ్, పట్టడు. ముందుకు పో."

తప్పులు వెతకడానికి నాకు జీతమిస్తారు. ఆ సాయంత్రం మా ఇంట్లో జరుగుతున్నది మొదటి నుంచి చివరి దాకా తప్పే. కానీ నేను కూడా తెర మీదికి వంగి, దూరంగా పోస్టు డబ్బా వెనక ఉన్నది మనిషా, నీడా అని చూస్తున్నాను.

చివరికి చెప్పాను. "పాత ఫొటోలు ఎటూ పోవు అమ్మీ. పైన నొక్కితే ఏ నెలవి ఆ నెలవి వస్తయి."

ఒక్కొక్కటే తీశాను. ఆ సందుని వాళ్ళు చాలాసార్లు ఫొటో తీశారు. ఒకదాంట్లో మంచు. ఒకదాంట్లో తలుపు మూసి, పూల కుండీ. ఒకదాంట్లో పిల్లి. పిల్లి మొహం మసక చెయ్యలేదు. ఆ మనిషి మాత్రం ఒక్క ఫొటోలోనే ఉన్నాడు, ముసురు రోజు ఫొటోలో. దాని మూల నెల, ఏడాది వేసి ఉన్నాయి. పైకి చదివాను.

ఫుప్పు మంచం మీద మెల్లగా కూర్చుంది.

"ఆ నెలలనే గద మనం ఖమ్మం దవాఖానల కూసుంది. మీ అబ్బాకు మొదటిసారి గుండె నొప్పి వచ్చినప్పుడు."

"ఫుప్పు, నీ లెక్కల అన్నీ ఆ నెలలనే జరుగుతయి."

"తెలివి లేకుంట పండుకున్నడు. లేచినంక ఏమన్నడు? చెప్పు దుల్హన్."

అమ్మీ తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు. "కాళ్ళు గుంజుతున్నయి, చానా దూరం నడిచిన అన్నడు."

ఇలాంటప్పుడు ఏదో ఒకటి అని గాలి తీసేయడం చిన్నప్పటి నుంచీ నా పని.

"పాస్‌పోర్ట్ లేకుంటనా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అన్నది నేనే అయినా, నాకూ రాలేదు. కావాలంటే ఆ నెల నిజమో కాదో ఆస్పత్రి కాగితాల్లో చూడొచ్చు. బీరువాలోనే ఉన్నాయి. నేను చూడలేదు, ఇంతవరకూ.

"ఆ గల్లీ నువ్వు పొయ్యే దాంట్ల ఉన్నదా?" అమ్మీ అడిగింది.

"ఉన్నది. శనివారం పొద్దున. అదొక్కటే ఉన్నది."

"పో మరి."

"పోయి? ఒకవేళ మనిషి దొరికిండే అనుకో, ఏం అడగాలె? ఆకుపచ్చ జాకెట్టు రెండో చెయ్యి ఎప్పుడు కుడతవ్, మీద మీద ఫోన్లొస్తున్నయ్ అని అడగాల్నా?"

ఈసారి అమ్మీ నవ్వింది. దుపట్టా నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేలా నవ్వింది. ఫుప్పు కూడా నవ్వి, వెంటనే ఇద్దత్ గుర్తొచ్చి ఆపేసింది. నవ్వు అయిపోయాక అమ్మీ కళ్ళు తుడుచుకుంది.

"ఏం అడగకు. మొహం చూసి రా."

"ఎవరి మొహం?"

"ఆడ ఎవరుంటే వాళ్ళది. నేనైతే ఆ దినం చూసిన. నువ్వే చూడలె."

నేను లాప్‌టాప్ మూసి, మళ్ళీ తెరిచాను. ఎందుకో తెలియదు. ముసురు రోజు ఫొటో అలాగే ఉంది. ఎడమ భుజం, తువ్వాలు, నడుము మీద చెయ్యి.

"ఆడ కూడ మసకగనే ఉంటే?" అన్నాను. హాస్యంగానే మొదలుపెట్టాను, చివరికి వచ్చేసరికి గొంతు మామూలు గొంతయిపోయింది.

"నీ కండ్లద్దాలు తుడుచుకొని చూడు" అంది అమ్మీ. "ఎప్పుడు చూసినా జిడ్డు."

తీసి, చొక్కా కొసతో తుడుచుకున్నాను. చొక్కా అబ్బా కుట్టిందే. అప్పుడే ముందు గదిలోంచి టకటకమని వినపడింది. కాసేపు ఆగి, మళ్ళీ టకటక. ఫుప్పు పెదవులు కదలడం మొదలైంది. నేను లేవబోయాను.

"కూసో" అంది అమ్మీ. "ఎలుక."