చెంచయ్య కుండవేట

అల్లూరు చెరువులో నీటిపక్షులను పట్టే చెంచయ్యకు తుపాకి లేదు, వల లేదు. కొన్ని పాత కుండలు, రెండు చేతులు, అంతే.

కార్తీకం వానలకు చెరువు నిండాక ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగేవి. చెంచయ్య ముందుగా నాలుగైదు ఖాళీ కుండలను నీళ్లలో బోర్లించి వదిలేవాడు. అవి గాలికి అటూ ఇటూ తేలుతుంటే మొదట్లో పక్షులు బెదిరేవి. పది రోజులయ్యేసరికి వాటిని ఆనుకునే మేసేవి. అప్పుడు ఒక తెల్లవారుజామున చెంచయ్య, కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టిన కుండను తలకు బోర్లించుకుని మెడలోతు నీళ్లలో మెల్లగా వాటి మధ్యకు పోయేవాడు. నీటి అడుగున కాళ్లు పట్టి లాగితే, పక్కనున్న పక్షికి కూడా తెలిసేది కాదు.

1961లో ఆయన కూతురు పోలేరమ్మకు పదకొండేళ్లు. తనూ వస్తానని రెండేళ్లుగా వెంటపడుతోంది. తల్లి మస్తానమ్మ ఒప్పుకోలేదు.

“ఆడపిల్లకి ఆ చలినీళ్లలో ఏం పని?” అంది.

“దాని చేతులు చూడు, ఎంత సన్నంగా ఉండాయో. నాకన్నా బాగా పడతాది,” అన్నాడు చెంచయ్య.

నెల రోజులు కూతురిని పంటకాలవలో నడిపించాడు. “కాలెత్తబాకు మే. బురదలోనే జరుపు,” అనేవాడు. ఆమె ముందు తేలే ఆకు కాస్త ఊగిందంటే మళ్లీ మొదటినుంచి నడవాల్సిందే. తుమ్ము వస్తే ఏం చేయాలని అడిగింది పోలేరమ్మ. “మింగేయ్,” అన్నాడాయన.

పుష్యమాసంలో మంచు పట్టిన ఒక తెల్లవారుజామున ఇద్దరూ కుండలు పెట్టుకుని చెరువులో దిగారు. పోలేరమ్మకు మెడలోతు వచ్చే వైపుగా, తండ్రి మోకాళ్లు వంచి నడిచాడు. కుండలో తన ఊపిరి తనకే పెద్ద హోరులా వినిపించింది. మంచు విడేసరికి చిల్లుల్లోంచి చూసి, నడక మర్చిపోయి నిలబడిపోయింది.

చుట్టూ నామాలకోళ్లు. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లటి నామం. వందలు. గట్టు మీది నుంచి ఎన్నోసార్లు చూసిందే, కానీ ఇప్పుడు వాటి కళ్లు తన కళ్ల ఎత్తులోనే ఉన్నాయి. ఆ కళ్లు ఎర్రగా ఉంటాయని ఆమెకు అంతవరకూ తెలియదు. నాచు పీకే చప్పుడు, గొంతులో గొణుగుడు, ముక్కు చివర వేలాడే నీటిబొట్టు. ఒక పిట్ట ఆమె కుండను రెండుసార్లు పొడిచి చూసి, పట్టించుకోకుండా పోయింది.

ఆమె నీటి అడుగున చేయి చాచింది. అంతలో చెరువంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది.

పైన పెద్ద గద్ద తిరుగుతోంది.

చెదిరి ఉన్న పక్షులన్నీ నీళ్లు కొట్టుకుంటూ ఒక్కచోటికి పరుగెత్తుకొచ్చాయి. వచ్చింది ఆ రెండు కుండల దగ్గరికే. సందు లేకుండా ఒరుసుకుని నిలబడ్డాయి. గద్ద దిగినప్పుడల్లా అన్నీ కలిసి కాళ్లతో, రెక్కలతో నీళ్లు ఎగజిమ్మాయి. ఆ తుంపర్ల గోడ దాటలేక అది పైకి లేచింది. మళ్లీ దిగింది. మూడోసారీ అంతే. పోలేరమ్మ చెంపల పక్కన రెక్కలు, భుజం మీద ఒక పిట్ట చల్లటి పాదం. అడుగున ఆమె చేతుల చుట్టూ ఎన్నో కాళ్లు. వేళ్లు ముడిస్తే చాలు, నాలుగు దొరుకుతాయి.

తండ్రి కుండవైపు చూసింది. చిల్లులోంచి ఆయన కన్ను కనిపించింది. రెప్ప కొట్టడం లేదు. ఆయన చేతులు నీటి అడుగున ఎక్కడున్నాయో తెలియదు గానీ, ఒక్క పిట్ట కూడా మాయం కాలేదు.

గద్ద విసిగి కోవూరు దిక్కుగా పోయింది. పక్షులు మెల్లగా విడిపోయి మేతలో పడ్డాయి. చెంచయ్య గట్టుకు మళ్లాడు.

గట్టెక్కి కుండ తీసేసరికి ఆయన మొహమంతా తడి. పోలేరమ్మ పళ్లు టకటకమంటున్నాయి.

“ఒక్కటీ పట్టలేదే నాయనా?”

“మన చాటుకి వచ్చినాయి గదమ్మే.”

“వాటికి మనం కుండలమే గదా?”

“వాటికి తెలవదులే. మనకి తెలుసు గదా.” కుండను గట్టు మీద బోర్లించాడు. “ముప్పై ఏళ్ల నుంచి దిగతా ఉండా. ఇట్టాంటిది నేనూ చూళ్లేదు మే.”

ఉత్తచేతులతో వచ్చారని మస్తానమ్మ ఆ పూట రుసరుసలాడింది. ముగ్గురూ గోంగూర, సంగటి తిన్నారు.

నాలుగో రోజు మళ్లీ దిగారు. ఆకాశంలో గద్ద లేదు. పోలేరమ్మ ఒక బాతు కాళ్లు పట్టుకుని, నీరు కదలకుండా లాగింది. గట్టు మీద చెంచయ్య దాన్ని వెంటనే తీసుకోలేదు. “కాసేపు పట్టుకో,” అన్నాడు. తడి ఈకల కింద దాని గుండె ఆమె అరచేతిలో దడదడ కొట్టుకుంది. అంత చిన్న ఒంట్లో అంత వేగం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.